బిడ్డ కనబడలేదని వచ్చిన తల్లికి

దీపములు పెట్టువేళ దాటినను వీధిలో ఆడుకొనుచుండిన బిడ్డ ఇల్లు చేరలేదని గుండె గుభేలుమనగా, ఇరుగుపొరుగు గడపలన్నియు తొక్కి, గుడి మండపము, కిరాణాకొట్టు, ట్యూషను మాస్టరుగారి అరుగు గాలించి, కడకు కాళ్ళకు చెప్పులు లేవన్న స్పృహయైనను లేక పోలీసుఠాణా మెట్లెక్కిన తల్లికి అచట మొట్టమొదట ఎదురగు మనిషి ఎవరు? కమిషనరు కాడు, జిల్లా ఎస్పీ కాడు, దర్యాప్తులో ఆరితేరిన అధికారియును కాడు. పగలంతయు పిటిషన్లు పుచ్చుకొని అలసి, బల్లవెనుక కూర్చున్న ఒక కానిస్టేబులు, లేదా స్టేషను రైటరు. ఆ బిడ్డ తిరిగి ఇల్లు చేరునా, చేరదా అనునది పెద్దపాలు ఆ మనిషి నోట వెలువడు మొదటి మాటమీదనే ఆధారపడియుండును. పెక్కుమారులు ఆ మాట ఇట్లుండును:

"చుట్టాలిళ్ళలో చూసుకున్నారామ్మా? ఇంట్లో ఎవరన్నా తిట్టారా? ఆధార్ జిరాక్సు, రెండు ఫోటోలు పట్టుకుని పొద్దున్నే రండి. ఎస్సైగారు ఉంటారు."

ఇందులో క్రౌర్యమేమియు లేదు. ఆ మాటలాడినవాడును బిడ్డలుగలవాడే. కనబడకుండపోయిన పిల్లలలో అధికసంఖ్యాకులు తెల్లవారులోపల తమంతట తామే ఇల్లు చేరుదురని అతని అనుభవము. కేసు వ్రాసినచో పెండింగు పెరిగి, నెలసరి క్రైమ్ మీటింగులో పైవారికి సంజాయిషీ చెప్పుకొనవలసివచ్చునని అతని భయము. ఆ అనుభవమును ఈ భయమును కలిసి ఏండ్లతరబడి గడ్డకట్టి ఒక ఆచారమైనవి. ఇరువదినాలుగు గంటలు గడిచినగాని మిస్సింగ్ కేసు తీసికొనరను మాట సినిమాలవలనను, లోకుల నోళ్ళవలనను ప్రచారమై, చదువుకొన్నవారుసైతము నమ్మునంతగా స్థిరపడినది. అట్టి గడువు మనదేశపు ఏ చట్టమునందును లేదు.

అపహరణకు గురియైన బిడ్డ విషయమున కాలమును దినములతో గాక నిమిషములతో కొలువవలెను. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రపు అటార్నీ జనరల్ కార్యాలయము 1997లో ప్రకటించి, 2006లో మరల సరిచూచిన పరిశోధనలో తేలినదేమనగా, అపహృతులై హతులైన బాలలలో ఇంచుమించు నాలుగింట మూడువంతులమంది తొలి 3 గంటలలోనే ప్రాణములు కోల్పోయిరి. ఇట్టి ఘోరములు కనబడకుండపోయిన పిల్లల మొత్తములో బహుస్వల్పమన్నమాట సత్యమే. కాని ఎదుట నిలిచి ఏడ్చుచున్న ఈ తల్లి బిడ్డ ఆ స్వల్పసంఖ్యలోనిదగునో కాదో ఆ రాత్రివేళ చెప్పగలవాడెవ్వడు?

మన యెదుటనే జరిగినది గుర్తు తెచ్చుకొందము. 2020 అక్టోబరు 18వ తేదీ ఆదివారము సాయంకాలము మహబూబాబాదు పట్టణములో 9 ఏండ్ల బాలుని, పరిచయస్థుడే మోటారుసైకిలుమీద ఎక్కించుకొనిపోయెను. ఆనవాలు చిక్కకుండ ఇంటర్నెట్టు కాల్సు చేయుచు, 45 లక్షల రూపాయలు ఇచ్చిన బిడ్డను విడిచెదనని ఆ తల్లిదండ్రులను దినములతరబడి మభ్యపెట్టెను. వారు డబ్బు కూడగట్టుకొని, చెప్పిన చోట నిలిచి ఎదురుచూచుచున్న వేళకు ఆ పసివాడు ఈ లోకమున లేడు. తీసికొనిపోయిన కొలది గంటలలోనే ఊరి వెలుపలి గుట్టమీద హత్య జరిగిపోయినదని పిమ్మట తేలెను. పోలీసులు వెదకలేదని నేననను, పలు బృందములు రేయింబవళ్ళు వెదకినవి. తొలి గంటలకు ఎంత విలువ గలదో ఆ కేసు మనకు నేర్పినట్లు మరేదియు నేర్పలేదు.

వెంటనే కదలిన చోట ఏమి జరిగినదో అదియును చూడవలెను. 2018 జూలై మొదటి వారములో హైదరాబాదు కోఠి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో ఒక స్త్రీ, టీకా వేయించి తెచ్చెదనని పలికి, 6 దినముల ఆడశిశువును తల్లి చేతులనుండి అందుకొని మాయమయ్యెను. సుల్తాన్‌బజారు పోలీసులు ఆసుపత్రి గుమ్మము మొదలుకొని ఒక్కొక్క సీసీ కెమెరాలోని దృశ్యమును పట్టుకొని నడచిపోయి, ఆమె మహాత్మాగాంధీ బస్ స్టేషనులో బీదరు బస్సెక్కినదని కనిపెట్టిరి. పరిధి మాది కాదని, పొరుగు రాష్ట్రమని ఎవ్వరును ఆగలేదు. బృందములు బీదరు చేరినవి. టీవీలలో వార్త మారుమ్రోగెను. మరునాడు ఆ శిశువు బీదరు ప్రభుత్వాసుపత్రిలో సజీవముగా దొరికెను. మరుసటి యేడు జూలైలో తూర్పు గోదావరి జిల్లా మండపేటలో ఇంటి ముంగిట అవ్వవద్దనుండి 4 ఏండ్ల బాలుని ఎత్తుకొనిపోయినవారు, జిల్లా పోలీసు యంత్రాంగము దారులన్నియు జల్లెడ పట్టుచుండుటవలనను, బాలుని ముఖము ప్రతి టీవీలోను, ప్రతి ఫోనులోను కనబడుచుండుటవలనను దాచుకొను తావు లేక, దాదాపు 60 గంటలకు కుతుకులూరు దాపున ఇటుకబట్టీవద్ద విడిచి పరారైరి. ఈ రెండుచోట్లను బిడ్డను కాపాడినది పెద్ద విద్య కాదు. కేసు వ్రాయవలెనా వద్దా అను మీమాంస లేకుండుటయే.

న్యాయస్థానము ఏనాడో చెప్పినది

ఢిల్లీ పొలిమేరలోని నోయిడా నగరమున నిఠారి అను ఊరు గలదు. అచటి పేదల పిల్లలు ఒకరివెంట ఒకరు కనబడకుండ పోవుచుండగా, తల్లిదండ్రులు ఠాణాకు పోయి మొరపెట్టుకొనిరి. కూలినాలి చేసికొనువారి మొర గావున అది ఆలకింపబడలేదు. 2006 డిసెంబరు చివరి దినములలో ఒక భవంతి వెనుకటి మురుగుకాలువలో ఎముకలు బయటపడిన పిదపగాని దేశము ఉలిక్కిపడలేదు. జాతీయ మానవహక్కుల సంఘము కమిటీని నియమించినది, సిఫారసులు వెలువడినవి, ముద్దాయిలకు క్రింది కోర్టు మరణశిక్షలు విధించినది. కాని దర్యాప్తు లోపభూయిష్ఠమని 2023 అక్టోబరులో అలహాబాదు హైకోర్టు తీర్పు చెప్పి ముద్దాయిలను విడుదలచేసెను. మిగిలిన చివరి కేసునుగూడ 2025 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టివేసెను. ఆ పసివారి మరణమునకు చట్టము దృష్టిలో నేడు బాధ్యుడెవ్వడును లేడు. తొలుత ఫిర్యాదు వచ్చిన నాడే వ్రాసికొని, వెదకి, సాక్ష్యము భద్రపరచియుండినచో ఈ దుర్గతి పట్టెడిదా అని తలచుకొన్న మనస్సు దహించుకొనిపోవును.

2013వ సంవత్సరమున సుప్రీంకోర్టు రెండు తీర్పులు వెలువరించినది. బచ్‌పన్ బచావో ఆందోళన్ అను సంస్థ వేసిన వ్యాజ్యములో మే 10వ తేదీన, బిడ్డ కనబడలేదని వచ్చిన ప్రతి ఫిర్యాదును ఎఫ్ఐఆర్‌గా నమోదు చేయవలెననియు, మరొకటి రుజువగువరకు అది అపహరణమో అక్రమరవాణాయో అని భావించి దర్యాప్తు సాగింపవలెననియు ఆజ్ఞాపించినది. నాలుగు నెలలకును జాడ తెలియనిచో ఆ కేసు మానవ అక్రమరవాణా నిరోధక విభాగమునకు పోవలెను. అదే యేడు నవంబరు 12వ తేదీన అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనము లలితా కుమారి కేసులో, విచారణార్హమైన నేరము తెలియవచ్చినంతనే ఎఫ్ఐఆర్ తప్పనిసరియని శాసించినది. ఈ తీర్పును న్యాయవాదులు దినదినమును ఉదహరించుచునే యుందురు. కాని దాని వెనుకనున్నది అపహృతయైన ఒక మైనరు బాలిక అనియు, కూతురు పోయినదని వ్రాతమూలకముగా ఫిర్యాదు చేసినను ఠాణాలో కదలిక లేకపోగా ఎస్పీవరకు పోయి, అటుపిమ్మట దేశపు అత్యున్నత న్యాయస్థానము తలుపు తట్టిన ఒక తండ్రి అనియు ఎందరికి జ్ఞప్తియందున్నది?

అంతటితో ఆగలేదు. బాల న్యాయ చట్టము, 2015 ప్రతి ఠాణాలోను ఒక బాలల సంక్షేమ పోలీసు అధికారి యుండవలెనన్నది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత, నేరము ఏ పరిధిలో జరిగినను సమాచారము అందిన ఠాణాలోనే నమోదు చేయవలెనని జీరో ఎఫ్ఐఆర్‌ను చట్టములోనికే ఎక్కించినది. కాగితముమీద కొరత లేదు. కొరత ఉన్నది ఆ బల్లకడ.

దానికి హేతువేమని యోచించినచో నాకు తోచునది ఇది: మనము పోలీసులను తప్పుడు కొలతతో కొలుచుచున్నాము. ఎఫ్ఐఆర్‌లు పెరిగిన ఠాణా నేరములకు నెలవైనదని పైఅధికారి గద్దించును, శాసనసభలో ప్రతిపక్షము నిలదీయును, పత్రికలు నేరాలు పెరిగినవని పతాకశీర్షిక పెట్టును. ఫిర్యాదును నిజాయితీతో వ్రాసిన ఎస్సైకి చీవాట్లు, నయమున సర్ది పంపినవానికి మెప్పు. ఈ పద్ధతి మారవలెను. బిడ్డ కనబడలేదని తల్లి ఠాణాలో అడుగుపెట్టిన ఘడియకును, ఎఫ్ఐఆర్ నమోదైన ఘడియకును నడుమ ఎన్ని నిమిషములు గడచినవో లెక్కగట్టి, ఆ లెక్కనే క్రైమ్ మీటింగులో అడుగవలెను. రిసెప్షనులోని సీసీ కెమెరాలో తల్లి వచ్చిన వేళ యెట్లును నమోదగుచున్నది గనుక, ఇందుకు కొత్త ఖర్చుసైతము లేదు.

నమోదు పిమ్మట తొలి గంటలో చేయవలసిన పని తెలిసిన అధికారులకు తెలియును. ముందుగా ఆ ఇంటికే పోవలెను. మంచముక్రింద, బట్టల బీరువాలో, నీళ్ళ సంపులో, మూతలేని మ్యాన్‌హోలులో, వీధిలో నిలిపిన కారులలో చూడవలెను. ఇంటివారు చూచితిమన్నను మరల చూడవలెను. బిడ్డ తొడుగుకొన్న చొక్కా రంగేమిటని అడిగినపుడు తల్లి నోట మాట రాదు. ఆమె ఫోనులో ఆనాటి ఉదయము తీసిన ఫోటో ఉన్నదేమో చూచి, వైర్‌లెస్ సెట్టులో వర్ణన చెప్పించి, అదే ఫోటోను రైల్వేపోలీసుకు, బస్ స్టేషనుకు, ఆటోస్టాండుకు, టోల్‌గేటుకు పంపవలెను. వీధి మొగనున్న కొట్టు కెమెరాలోని దృశ్యములు కొలదిదినములకే చెరిగిపోవును. కొట్టు కట్టివేసి యజమాని ఊరికి పోయినచో ఇంకను ముందే చేజారును. రాత్రి విజయవాడలో రైలెక్కిన బిడ్డ తెల్లవారులోపల చెన్నై చేరగలదు. పొద్దున్నే రండి అన్న మాటకు మూల్యము నాలుగువందల కిలోమీటర్లు.

పదునేడేండ్ల పిల్ల, "ప్రేమ వ్యవహారం"

జాతీయ నేర గణాంక సంస్థ లెక్కప్రకారము 2022లో దేశమున 83,350 మంది పిల్లలు కనబడకుండ పోయిరి. వారిలో బాలికలు 62,946 మంది, అనగా నూటికి డెబ్బదియైదుగురు. అదే యేడు, వెనుకటి సంవత్సరములవారితో కలిపి, 80,561 మంది జాడ తెలిసినది. దొరికినవారి సంఖ్య ఊరటగొలుపునదే. కాని బాలికల సంఖ్య మనలను నిలిపి ప్రశ్నించుచున్నది.

పదునైదు, పదునారు, పదునేడేండ్ల పిల్ల ఇంటికి రాలేదని తండ్రి వచ్చినపుడు ఠాణాలో మొదట వినబడు ప్రశ్న, "ఎవరితోనన్నా మాట్లాడుతుండేదా?" అన్నది. దర్యాప్తుకు అది అవసరమైన ప్రశ్నయే, ఆక్షేపించుట లేదు. కాని ఆ ప్రశ్నకు తండ్రి తల వంచుకొనినంతనే, "రెండ్రోజులు చూడండి, వాళ్ళే ఫోన్ చేస్తారు" అని ఫైలు మూసివేయుట ఉన్నదే, అది ఘోరాపరాధము. పదునెనిమిదేండ్లు నిండని పిల్ల సమ్మతికి చట్టము విలువ నీయలేదు. ప్రేమ పేర తీసికొనిపోయినవాడు పెండ్లిచేసికొనునో, పుణే, ముంబయి కొంపలలో అమ్మివేయునో ఆ పిల్లకే తెలియదు. అక్రమరవాణా చేయువారు చేతులు కట్టి ఎత్తుకొనిపోవుట అరుదు. ఉద్యోగమనియు, పెండ్లియనియు ఆశ చూపి, పిల్ల తనంతట తానే బస్సెక్కునట్లు చేయుదురు. పరువు పోవునని కుటుంబములును నోరు మూసికొనును. ఫిర్యాదు చేయుటకే వారము పట్టును. కుటుంబపు సిగ్గును, ఠాణా ఉదాసీనతయు ఒకదాని కొకటి తోడై ఆ పిల్లను ముంచివేయుచున్నవి. వేగిరమే వెదకి తెచ్చిన పిల్లను నిందింపక, ఎందుకు పోయితివని స్త్రీ అధికారి నెమ్మదిగ అడిగి తెలిసికొనుటయు దర్యాప్తులో భాగమే. కారణము తెలియక తిరిగి అదే ఇంటికి పంపిన పిల్ల మరల వెడలిపోవును.

ఇక పోయినట్లు ఎవ్వరును ఫిర్యాదుచేయని బిడ్డల మాట. 2018లో యాదగిరిగుట్టలో ఒక ఇంట పసిపిల్లను కొట్టుచున్న అలికిడికి పొరుగువారు స్పందించుటచేతనే, పసితనమున కొనితెచ్చి వ్యభిచారగృహములలో పెంచుచున్న బాలికల ఉదంతము బయటపడినది. రాచకొండ పోలీసులు వరుసగా దాడులు చేసి వారిని విడిపించిరి. తల్లులమని చెప్పుకొన్నవారు తల్లులు కారు. ఈ పిల్లలు ఎవరి బిడ్డలో, ఏ ఠాణాలో ఏ తల్లి మొరపెట్టుకొన్నదో, ఆ మొర కాగితముమీదకు ఎక్కినదో లేదో!

పోయిన బిడ్డ ఒకచోట, దొరికిన బిడ్డ మరొకచోట. ఈ రెండింటిని కలుపుటయే అన్నిటికంటె కష్టమైన పని. మన తెలుగుపిల్ల తమిళనాట బాలసదనములో నుండి ఊరిపేరు సరిగా చెప్పలేకపోవచ్చును. ఇందుకై తెలంగాణ పోలీసులు 2018లో రూపొందించిన 'దర్పణ్' అను ముఖగుర్తింపు సాధనము మెచ్చదగినది. 2015లో అలహాబాదు ప్రాంతమున తప్పిపోయిన ఒక బాలుడు అయిదేండ్ల పిమ్మట అస్సాంలోని గోల్పారాలో బాలల కేంద్రమున ఉన్నట్లు హైదరాబాదునుండి ఆ సాధనముతోనే పట్టుకొనిరి. అయినను యంత్రము ఫోటోలు ఉన్నపుడే పనిచేయును. ఠాణా ఫోటో ఎక్కింపక, బాలసదనము ఫోటో తీయక యుండినచో ఏ యంత్రమేమి చేయును? ఏటేట జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ అని జరుగు నెలరోజుల గాలింపులవలన వేలాది పిల్లలు ఇటుకబట్టీలనుండి, గాజులబట్టీలనుండి, రైల్వే ప్లాట్‌ఫారములనుండి బయటపడుచున్నారు. ఆ శ్రద్ధ తక్కిన పదినెలలును ఉండవలెనని కోరుట అత్యాశ కాదు.

అమెరికాలో 1990నుండి, బిడ్డ తప్పిపోయిన కేసు నమోదుకు నిరీక్షణకాలము విధించుట చట్టవిరుద్ధము. 2006నుండి 2 గంటలలోపల జాతీయ కంప్యూటరులో వివరమెక్కవలెను. 1996 జనవరిలో టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్‌లో సైకిలు త్రొక్కుచుండిన 9 ఏండ్ల ఆంబర్ హేగర్‌మన్ అపహృతయై, నాలుగు దినములకు శవమై దొరకిన పిదప, ఆమె పేర పుట్టిన హెచ్చరిక పద్ధతి నేడు సెల్‌ఫోనులకు చేరుచున్నది. మనకును అట్టి సాధనము చేతిలోనే యున్నది: 2023లో దేశమంతట ఫోనులు ఒక్కమారు బిగ్గరగా మ్రోగి, విపత్తుల హెచ్చరికకై పరీక్షించుచున్నామని సందేశము చూపినవి గదా. తుపానుకై ఉద్దేశించిన ఆ ఏర్పాటును, అపహరణ జరిగినదని నిశ్చయమైనపుడు, ఆ జిల్లావరకే పరిమితముగా వాడుటకు అడ్డేమి? ప్రతి కేసుకును మ్రోగించిన జనము విసిగి పట్టించుకొనరు గనుక, నిబంధన కఠినముగా ఉండవలెను.

అధికారిక వార్త లేనిచోట వదంతి రాజ్యమేలును. 2018 మే నెలలో పిల్లల నెత్తుకుపోవు ముఠాలు తిరుగుచున్నవని వాట్సాప్‌లో పుట్టిన అబద్ధము తెలుగునాట అమాయకులను బలిగొన్నది. హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక హిజ్రాను మూక కొట్టి చంపినది. ఏ బిడ్డ పోయినదో, ఎప్పుడు, ఎచట, ఏ బట్టలతో పోయినదో పోలీసే ముందుగా చెప్పుచుండినచో అట్టి మూకకు తావుండదు.

చదువరులతో నేను చెప్పవలసినది కొలదిగానే ఉన్నది. ఒంటరిగా, దిక్కుతోచక నిలిచిన బిడ్డ కనబడినచో 1098కో, 112కో ఫోను చేయుడు. దయతలచియైనను ఇంట ఉంచుకొనకుడు, అట్టి బిడ్డను గురించి 24 గంటలలోపల తెలుపకుండుట చట్టరీత్యా నేరము. మీ బిడ్డయే కనబడనిచో తెల్లవారుటకు కాచుకొనకుడు, పరిధి యేదని వెదకకుడు. దాపున ఉన్న ఠాణాకే పొండు. ఆధార్ లేదని, ఫోటో లేదని, ఎస్సైగారు లేరని చెప్పినను కదలకుడు. కేసు వ్రాసికొన నిరాకరించినచో ఫిర్యాదును ఎస్పీకి వ్రాతమూలకముగా పంపుడు, అటుపై మేజిస్ట్రేటు ఉన్నాడు. ఎఫ్ఐఆర్ ప్రతి ఫిర్యాదుదారునకు ఉచితముగా ఈయవలెనని నాగరిక సురక్షా సంహిత 173వ విభాగము చెప్పుచున్నది. అది చేత పుచ్చుకొనక ఆ మెట్లు దిగకుడు.